పడవ ఇంటికి తుపాను వస్తుందంటే: నా అనుభవం

మేముండేది 36 అడుగుల తెరచాప పడవలో. అమెరికాలోని ఫ్లోరిడాలో టాంపా బే అనే అఖాతం ఒడ్డున, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ఒక మెరీనాలో, అంటే పడవలు నిలిపే రేవులో, కట్టేసుకుంటాం. వంట, పడక, నా ఆఫీసు పని అన్నీ అందులోనే. "ఇల్లూ వాకిలీ లేనట్టు నీళ్ల మీద కాపురమేమిట్రా" అని అమ్మ ఇప్పటికీ సాధిస్తుంది. అమ్మమ్మ వాళ్లది దివిసీమ. 1977 ఉప్పెన తర్వాత ఆ ఇంట్లో ఎవరూ సముద్రం గురించి తేలిగ్గా మాట్లాడరు.

2024 అక్టోబరు 5, శనివారం గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో మిల్టన్ తుపాను పుట్టింది. సోమవారానికల్లా కేటగిరీ 5, అంటే తీవ్రతలో అన్నిటికన్నా పై మెట్టు. మా బేలోకి 10 నుంచి 15 అడుగుల ఉప్పెన రావచ్చన్నారు. అంతకు పది పదకొండు రోజుల ముందే హెలీన్ తుపాను నూరు మైళ్లకు పైగా దూరం నుంచి పోతూనే ఊళ్లోకి నీళ్లు తెచ్చింది. తడిసిన సోఫాలు ఇంకా రోడ్ల పక్కనే ఉన్నాయి.

ఆదివారం గాలి లేనప్పుడే తెరచాపలు దించాం. పడవ ముందువైపు తెరచాపను చుట్టేసి ఉంచితే చాలనుకుంటారు చాలామంది. పెనుగాలికి ఆ చుట్ట ఒక్కచోట విడిందంటే చాప మొత్తం విచ్చుకుని పడవనే ఈడ్చుకుపోతుంది. ఉప్పుకి బిరుసెక్కిన ఆ గుడ్డ మా మంచమంతా ఆక్రమించింది. ఎండ పందిరి, సోలార్ పలకలు కూడా విప్పేశాం. గాలికి దొరికేది ఎంత తగ్గితే అంత మంచిది. తెరచాప కొయ్యను మాత్రం ఏం చేయలేం.

అసలు తలనొప్పి తాళ్లతోనే. మాది కదలని రేవు, నీళ్లతో పాటు పైకి లేవదు. తాడు పొట్టిగా కడితే నీళ్లు పెరిగినప్పుడు పడవ పైకి లేవలేక కట్టుకొక్కేలు ఊడిపోతాయి. పొడుగ్గా వదిలితే ఊగి ఊగి రేవుకే గుద్దుకుంటుంది. అందుకని దగ్గర గుంజలు వదిలేసి, దూరంగా ఉన్నవాటికి ఏటవాలుగా, నాలుగు వైపులా రెండేసి తాళ్లు కట్టాలి. పక్క పడవ పెద్దాయన నా ముడులు చూసి, "గట్టిగా కట్టావు సరే, ఎంత పొడుగు వదిలావు?" అన్నారు. సగం విప్పి మళ్లీ కట్టాను. నైలాన్ తాడైతే సాగుతుంది, కుదుపు తీసుకుంటుంది. కొట్లలో అప్పటికే తాళ్లు లేవు. లంగరు తాడు కోసి వాడాను.

గాలికి తెగే తాళ్ల కంటే అంచుకి ఒరుసుకుని తెగేవే ఎక్కువట. ఒరుసుకునే ప్రతిచోటా పాత ఫైరింజను గొట్టం ముక్కలు తొడిగాను. చివరి తాడు దగ్గరకొచ్చేసరికి గొట్టం అయిపోయింది. పాత తువ్వాలు చుట్టి, టేపు వేశాను.

లోపల పని త్వరగానే తెమిలింది. పడవ అడుగున నీళ్లొచ్చే వాల్వులు మూసేశాం, బ్యాటరీలు నింపాం, లోపలికొచ్చిన నీళ్లు తోడే పంపు ఆడించి చూసుకున్నాం, కరెంటు తీగ పీకేశాం. బీమా కోసం మూలమూలా ఫొటోలు తీశాం. గ్రైండర్‌ని మాత్రం, "బరువు అడుగున ఉంటే పడవకే మంచిది" అని వదిలేయబోయాను. మా ఆవిడ నమ్మలేదు. అదీ కారెక్కింది.

మంగళవారం అట్లాంటాలో స్నేహితుల ఇంటికి బయల్దేరాం. దారి పొడుగునా కార్లే.

బుధవారం రాత్రి మిల్టన్ మాకు దక్షిణంగా సియెస్టా కీ దగ్గర తీరం దాటింది. దాంతో మా వైపు గాలి తిరగబడి, బేలో నీటిని సముద్రంలోకి నెట్టేసింది. పది అడుగులు పెరుగుతుందని లెక్కలేసుకున్న నీళ్లు అడుగుల కొద్దీ తగ్గిపోయాయి! పడవ బురదలో కూర్చుంది. తాళ్లు పొట్టిగా ఉంటే గుంజలకు వేలాడేది. నీళ్లు తిరిగొచ్చాక తనే లేచి నిలబడిందని పెద్దాయన ఫోన్ చేశారు.

శుక్రవారం వెళ్లి చూస్తే ఒక కమ్మీ వంగింది, అంతే. తాళ్లు ఒక్కొక్కటే చేత్తో తడుముతూ వచ్చాను. చివరిదానికి మూడు పేటల్లో ఒక్కటే మిగిలింది. తువ్వాలు జాడే లేదు.