మనమా, మేమా?

"మీవాళ్ళా?" అన్నాడాయన, టీ కప్పు బల్ల మీద పెట్టేసి. "తొమ్మిదేళ్ళుగా ఈ ఊరి నీళ్ళు తాగుతున్నావు. ఇంకా మీవాళ్ళేనా, పెట్?"

రాత్రి మూడు గంటలు. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో, నేను నర్సుగా పనిచేసే పెద్దాసుపత్రి స్టాఫ్ రూము. ఆ మాటన్న మనిషి పోర్టరు. రోగుల్ని వార్డు నుంచి స్కానింగ్‌కీ, స్కానింగ్ నుంచి వార్డుకీ మంచంతో సహా తోసుకెళ్ళే పని. అరవై దాటాయి. ఎదురుగా సెక్యూరిటీ అతను, కిటికీ పక్కన క్లీనింగ్ చేసే ఆవిడ. ముగ్గురికీ ఒకే రాత్రి డ్యూటీ పడిందంటే ఒకటే పంచాయితీ: 1996లో ఫుట్‌బాల్ లీగ్ మన చేతుల్లోంచి ఎలా జారిపోయింది? 'పెట్' అంటే ఇక్కడి యాసలో 'తల్లీ' లాంటిది. మొదట్లో పెంపుడు కుక్క అనుకుని మొహం మాడ్చుకున్నాను గానీ, ఇప్పుడు ఎవరైనా అనకపోతేనే వెలితి.

నేనన్నది ఏమంత పెద్ద మాట కూడా కాదు. ఆ సీజన్ లెక్కలు ఫోన్లో చూశాను. సొంత మైదానంలో 19 ఆడి 17 గెలిచారు. బయట 19 ఆడి గెలిచింది 7. "మీవాళ్ళు ఇంట్లో పులి, వీధిలో పిల్లి" అని ఇంగ్లీషులోకి ఎలాగో మార్చి చెప్పాను. సామెత ముగ్గురికీ నచ్చింది. 'మీవాళ్ళు' మాత్రం పెద్దాయనకి గుచ్చుకుంది. నేనేదో అనబోయేలోగా కాల్ బెల్ మోగింది. బతుకు జీవుడా అని వార్డులోకి పరిగెత్తాను.

కథ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 1996 జనవరిలో న్యూకాజిల్ యునైటెడ్ 12 పాయింట్ల ఆధిక్యంలో ఉంది. గెలుపుకి మూడు పాయింట్లు కాబట్టి నాలుగు మ్యాచ్‌లు ఓడినా తట్టుకునేంత దూరం. వీళ్ళు అంతకుముందు లీగ్ గెలిచింది 1927లో. తరాలు మారాక మళ్ళీ వచ్చిన అదృష్టం. మే నెలలో లెక్క తేలేసరికి మాంచెస్టర్ యునైటెడ్‌కి 82, న్యూకాజిల్‌కి 78. ఆ నాలుగు పాయింట్ల గురించి ముప్ఫై ఏళ్ళుగా మాట్లాడుకుంటున్నారు.

పోనీ, ఏమీ గెలవనందుకు పాత పుండు కెలుక్కుంటున్నారా అంటే అదీ కాదు. 2025 మార్చి 16న వెంబ్లీలో లివర్‌పూల్‌ని 2-1తో ఓడించి లీగ్ కప్ తెచ్చుకున్నారు. 1955 తర్వాత దేశంలో గెలిచిన పెద్ద కప్పు అదే, అంటే 70 ఏళ్ళకి. మొదటి గోల్ కొట్టిన డాన్ బర్న్ ఇక్కడికి దగ్గర్లోని బ్లైత్ కుర్రాడు. ఆ వారమంతా మా వార్డులో సూది గుచ్చినా ఎవరూ మొహం చిట్లించలేదు. నెల తిరిగిందో లేదో, మళ్ళీ స్టాఫ్ రూములో 1996. గెలుపు గురించి వాదించుకోవడానికి ఏముంటుంది? అందరూ ఒకటే చెబుతారు.

ఓటమికైతే ఎవరి కారణం వాళ్ళకుంది. సెక్యూరిటీ అతనిది అస్ప్రిల్లా సిద్ధాంతం. ఎడమవైపు నుంచి జినోలా, కుడివైపు నుంచి గిలెస్పీ బంతిని మధ్యకి వేస్తే లెస్ ఫెర్డినాండ్ తలతో గోల్ కొట్టేవాడు. బండి సాఫీగా నడుస్తోంది. ఫిబ్రవరిలో పార్మా నుంచి కొలంబియా ఆటగాడు ఫౌస్టినో అస్ప్రిల్లాని కొన్నారు. మంచులో బొచ్చు కోటు వేసుకుని దిగాడు. ఆయనకి చోటివ్వడం కోసం పీటర్ బియర్డ్‌స్లీని కుడి పక్కకి నెట్టారు. "బాగా నడిచే గడియారాన్ని విప్పుకున్నాం" అంటాడు సెక్యూరిటీ అతను. అప్పటికి ఇతగాడికి ఏడేళ్ళు.

క్లీనింగ్ ఆవిడ మార్చి 4 దగ్గరే ఆగిపోయింది. ఆ రాత్రి మాంచెస్టర్ వాళ్ళు సెయింట్ జేమ్స్ పార్క్‌కి వచ్చారు. మొదటి సగమంతా న్యూకాజిల్ దాడే, గోల్‌కీపర్ ష్మైకేల్ మాత్రం ఒక్క బంతీ పోనివ్వలేదు. రెండో సగంలో కంటోనా ఒకే ఒక్క గోల్ కొట్టాడు, అయిపోయింది. సొంత మైదానంలో ఆ ఏడాది ఓడిన ఒక్క మ్యాచ్ అదే. "ఆ కీపర్‌కి ఆ రోజు కాస్త జ్వరం తగిలి ఉంటే!" అంటుంది ఆవిడ, చీపురు మీద గడ్డం ఆనించి.

పెద్దాయన ఏప్రిల్ 3న లివర్‌పూల్ మైదానంలోనే ఉన్నాడట. 2-1తో ముందున్నారు, తర్వాత 3-2తో ముందున్నారు, ఆట చివర కలిపిన నిమిషాల్లో కోలీమోర్ కొట్టిన గోల్‌తో 4-3గా ఓడారు. మేనేజర్ కెవిన్ కీగన్ ప్రకటన బోర్డు మీద వాలిపోయాడు. "ఆ మూడో గోల్ కొట్టింది అస్ప్రిల్లానే, గుర్తుందా?" అని సెక్యూరిటీ అతన్ని నిలదీస్తాడు. ఆ తర్వాత అయిదు రోజులకి బ్లాక్‌బర్న్‌లో 1-0తో ముందుండి, ఆఖరి నిమిషాల్లో రెండు గోల్స్ ఇచ్చుకున్నారు. రెండూ కొట్టినవాడు గ్రాహమ్ ఫెంటన్, ఈ టైన్ నది ఒడ్డున పుట్టినవాడే. ఇంటిదొంగ అనే మాట వీళ్ళ భాషలో ఉందో లేదో గానీ, ఫెంటన్ పేరు పలికేటప్పుడు ముగ్గురి మొహాల్లోనూ ఆ మాటే కనిపిస్తుంది.

బయటివాళ్ళు ఈ కథని కీగన్ టీవీ ఆవేశంతో ముగిస్తారు. లీడ్స్, ఫారెస్ట్ జట్లు న్యూకాజిల్ మీద మనసుపెట్టి ఆడతాయా అన్నట్టు మాంచెస్టర్ మేనేజర్ ఫెర్గూసన్ ఓ మాట వదిలాడు. ఏప్రిల్ 29న లీడ్స్‌ని ఓడించిన వెంటనే కీగన్ కెమెరా ముందు వేలు చూపిస్తూ ఊగిపోయాడు. అక్కడే పట్టు తప్పాడంటారు. మిగిలిన రెండు మ్యాచ్‌లూ 1-1తో ముగిశాయి, నిజమే. కానీ చార్టు చూడకుండా రోగం పేరు చెప్పకూడదని నాకు నేర్పారు. కీగన్‌కి డిఫెన్స్ తెలియదంటారు కదా, ఆ ఏడాది న్యూకాజిల్ ఇచ్చిన గోల్స్ 37, మాంచెస్టర్ ఇచ్చినవి 35. అంత తేడా ఎక్కడుంది? కొట్టినవి చూస్తే 66, 73. అంటే దాడి చేసే జట్టుకి దాడిలోనే కొరత పడింది, అదీ పొరుగూళ్ళకి వెళ్ళినప్పుడు. పులీ పిల్లీ సామెత నాకు తట్టింది అక్కడే.

ఇంత కష్టపడి లెక్కలు తీసినదాన్ని ఒక్క మాట దగ్గర దొరికిపోయాను.

ముగ్గురూ మాట్లాడేది 'వియ్' అనే. వియ్ భయపడ్డాం, వియ్ గిలెస్పీని ఉంచాల్సింది. నా బుర్ర ప్రతిసారీ దాన్ని తెలుగులోకి తిప్పుకుంటుంది, తిప్పుకుంటూ తడబడుతుంది. మనమా, మేమా? వాళ్ళకి ఈ చిక్కు లేదు, అన్నిటికీ ఒకే మాట. లోపలున్నవాళ్ళకీ వాకిట్లో నిలబడ్డవాళ్ళకీ అదే. ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో 7 తెచ్చుకుని వచ్చాను గానీ, ఆ పరీక్షలో ఇది అడగలేదు. ఇన్నేళ్ళూ నేను దాన్ని 'మేము' అనే విన్నాను. అదే మర్యాద అనుకున్నాను. పిలవని పేరంటానికి వెళ్ళకూడదనే కదా మనకి చిన్నప్పటి నుంచి చెప్పేది.

ఊరికే అనుకోలేదు కూడా. 2016లో వచ్చినప్పుడు నాకిచ్చిన నివాస అనుమతి కార్డు మీద 'పబ్లిక్ ఫండ్స్‌కి అర్హత లేదు', అంటే ప్రభుత్వ సాయం అడగకూడదని, అచ్చేసి ఉంది. జీతంలో పన్ను కోసుకుంటూనే, నేను పనిచేసే ప్రభుత్వ వైద్యాన్ని నేను వాడుకోవడానికి విడిగా సర్‌చార్జి కట్టించుకున్నారు, అప్పట్లో ఏడాదికి 200 పౌండ్లు. 2019లో వీసా పొడిగించుకునేటప్పటికి అది 400 అయింది. మాలాంటి ఆసుపత్రి ఉద్యోగులకి అది తీసేసింది 2020లో, కోవిడ్ వచ్చాక. రక్తం తీస్తుంటే "నీదే ఊరు?" అని అడుగుతారు రోగులు. గాస్‌ఫోర్త్ అంటాను. "అది కాదు, అసలు ఊరు?" ఇన్నిసార్లు అసలు ఊరు అడిగించుకున్నదానికి 'మీవాళ్ళు' అని కాక నోట్లోంచి ఇంకేం వస్తుంది? ఇదంతా ఆ రాత్రి బీపీలు చూస్తూ నాలో నేను పెద్దాయనతో పడిన పోట్లాట. పాపం, ఆ కార్డు అచ్చేసింది ఆయన కాదు.

తెల్లవారుజాముకి కోపం దిగి వేరే సంగతి పట్టుకుంది. వీళ్ళు 'వియ్' అంటున్నది ఓటమికి. మన ఇళ్ళలో అలా ఎప్పుడన్నా విన్నానా?

క్లీనింగ్ ఆవిడ ఆగిపోయిన ఆ మార్చి 4కి సరిగ్గా తొమ్మిది రోజుల తర్వాత, 1996 మార్చి 13న, ఈడెన్ గార్డెన్స్‌లో, క్రికెట్ ప్రపంచకప్ సెమీఫైనల్లో శ్రీలంక మీద ఇండియాకి ఏం జరిగిందో మీకు చెప్పక్కర్లేదు. ఒక వికెట్‌కి 98, ఎనిమిది వికెట్లకి 120. ఆ రాత్రి మా నాన్న టీవీ కట్టేసి అరుగు మీద కూర్చున్నారు. టాస్ గెలిచి బ్యాటింగ్ తీసుకోక ఫీల్డింగ్ ఎందుకు తీసుకున్నాడని కెప్టెన్ అజహర్ మీద ఆ రోజు మొదలుపెట్టిన కేసు ఇంకా నడుస్తూనే ఉంది. క్వార్టర్‌ఫైనల్లో పాకిస్తాన్‌ని కొట్టిన రోజు "మనం గెలిచాం" అన్న మనిషే, నాలుగు రోజులు తిరక్కుండా "వెధవలు ఓడిపోయారు" అన్నారు. గెలిస్తే మనం, ఓడితే వాళ్ళు. మా ఇంట్లోనే కాదు, ఆ వీధంతా అదే వ్యాకరణం.

ఇది రాస్తుంటే మనవాళ్ళని చిన్నబుచ్చుతున్నట్టు నాకే బాధగా ఉంది. ఒకటి చెప్పాలి. వీళ్ళు మూడు నెలలు తీసుకుని ఓడారు. మెల్లగా ఎక్కిన జ్వరం, అలవాటు పడే వ్యవధి ఉంది. మనది గుండెపోటు, గంటలో అయిపోయింది. గుండెపోటు వచ్చినవాళ్ళ ఇంట్లో అరుపులు వినిపించవా? ఆ రోజు సీసాలు విసిరినవాళ్ళని నేను వెనకేసుకు రాను గానీ, కాంబ్లీ ఏడుస్తూ వెళ్ళిపోతుంటే మా నాన్న కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. ఇక ఇక్కడివాళ్ళ ఓపిక సంగతంటారా, శనివారం రాత్రి క్యాజువాలిటీలో డ్యూటీ చేసినదాన్ని నన్నడగండి.

అయినా కీగన్ విషయంలో వీళ్ళకి దణ్ణం పెట్టాలి. లీగ్ చేజారి మూడు నెలలు తిరక్కుండానే ఆయన ఈ ఊరివాడే అయిన షియరర్‌ని, అప్పటికి ప్రపంచంలోనే ఎక్కువ ధర, 1.5 కోట్ల పౌండ్లు పెట్టి తెచ్చాడు. అక్టోబరులో మాంచెస్టర్‌ని 5-0తో చిత్తు చేశాడు. జనవరి వచ్చేసరికి రాజీనామా ఇచ్చేశాడు. 2008లో మళ్ళీ పిలిస్తే ఊరు ఊరంతా పొంగిపోయిందట. మా పెద్దాయన ఆయన్ని ఒక్క మాట అననివ్వడు. తప్పులన్నీ వరసగా తనే చెబుతాడు, ఇంకొకరు చెబితే మాత్రం కప్పు బల్ల మీద పెట్టేస్తాడు.

డ్యూటీ దిగి బస్సులో కూర్చుని నాన్నకి ఫోన్ చేశాను. అక్కడ భోజనాల వేళ. నాన్న ఫుట్‌బాల్ చూడరు, కానీ ఎవరు ఎలా ఓడారో చెబితే ఎంతసేపైనా వింటారు. అంతా చెప్పుకొచ్చాను. జినోలా, బొచ్చు కోటు, ష్మైకేల్, అక్కడిదాకా 'వాళ్ళు' అనే చెప్పాను. లివర్‌పూల్ మ్యాచ్ దగ్గరికి వచ్చేసరికి, "ఆఖరి నిమిషంలో ఓడిపోయాం, నాన్నా" అనేశాను.

తెలుగులో క్రియ దగ్గరే ఆగిపోతే తప్పించుకోవచ్చు. ఓడిపోయాం అంటే ఎవరైనా కావచ్చు. నాన్న ఆగనివ్వలేదు.

"ఎవరు తల్లీ?"

"మేము" అన్నాను.

అవతల కంచం చప్పుడు ఆగింది. బస్సు రెండు స్టాపులు దాటేదాకా ఏమీ మాట్లాడలేదు. ఫోన్ తెగిందేమోనని చూసుకున్నాను కూడా.

"సరే," అన్నారు చివరికి. "ఇంతకీ ఆ రోజు టాస్ ఎవరు గెలిచారు?"