మూడో సిలిండర్: వారంటీ కింద ఇంజన్ మరమ్మతు నమోదులు

మా బండి ఒక లీటరు, మూడు సిలిండర్ల టర్బో పెట్రోల్ ఇంజన్ ఉన్న చిన్న ఎస్‌యూవీ. మేము బెంగళూరులో మహదేవపుర వైపు ఉంటాము కాబట్టి వారమంతా ఔటర్ రింగ్ రోడ్డు, అప్పుడప్పుడు అనంతపురం, సెలవు రోజుల్లో తెల్లవారుజామున నంది కొండ దారి, ఇదీ దాని తిరుగుడు. కొన్ననాటి నుంచి ట్యాంకు ట్యాంకుకూ మైలేజీని, నెల నెలా డిప్‌స్టిక్ (ఇంజన్ ఆయిల్ కొలిచే కడ్డీ) మట్టాన్ని నోటు పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. మూడేళ్ల వారంటీ ముగియకముందే ఇంజన్ దించవలసి వచ్చినప్పుడు ఆ పుస్తకం చాలా పనికొచ్చింది. ఆ మరమ్మతు నమోదులనే ఇక్కడ పెడుతున్నాను. కంపెనీ పేరు, షోరూము పేరు రాయడం లేదు. ఏ దశలో ఏ కొలత అడిగాను, అడిగినందువల్ల ఏమి మారింది అన్నదే ఇలాంటి ఇంజన్ ఉన్నవారికి ఉపయోగం.

41,600 కి.మీ.

పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజన్ మిస్సింగ్, అంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం, మొదలైంది. హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కుతుండగా చెక్ ఇంజన్ లైటు మిణుకు మిణుకుమంటూ వెలిగింది. ఆ లైటు నిలకడగా వెలగడం వేరు, మిణుకుమనడం వేరు. మిణుకుమంటే మండని పెట్రోలు సైలెన్సర్ వైపు వెళ్లి అక్కడ కాలుతూ పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడు చేస్తోందని అర్థం. అందుకే యాక్సిలరేటర్ తగ్గించి, పక్కకు తీసి, బ్లూటూత్ స్కానర్ పెట్టి చూశాను. పీ0303 వచ్చింది, అంటే మూడో సిలిండర్‌లో మిస్‌ఫైర్. కోడ్‌తో పాటు నమోదయ్యే ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఇంజన్ వేగం 1,600 ఆర్‌పీఎం, లోడ్ (ఇంజన్ మీది భారం) 85 శాతం పైన ఉంది. కోడ్ చెరిపేస్తే ఈ వివరం కూడా పోతుంది కనుక ముందుగా తెర ఫొటో తీసి పెట్టుకున్నాను.

ఇంటికి చేరాక మూడో సిలిండర్‌లో ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్‌ను రెండో దానికి, రెండో దానిది మూడో దానికి మార్చాను. మిస్‌ఫైర్ మూడింట్లోనే ఉండిపోయింది. ప్లగ్గులు మార్చినా అంతే. ఇక మిగిలినవి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్, కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కితే వచ్చే పీడనం). డిప్‌స్టిక్ పుస్తకం చూస్తే చివరి మూడు నెలల్లో మట్టం దిగుతున్న వేగం స్పష్టంగా పెరిగింది, అంటే ఇంజన్ ఆయిల్ తాగడం మొదలుపెట్టింది.

అదే వారం, కంప్రెషన్ కొలతలు

ఇంజన్ వేడిగా ఉండగానే ప్లగ్గులన్నీ తీసి, ఫ్యూయల్ పంప్ ఫ్యూజు పీకి, కాయిల్ కనెక్టర్లు విప్పి, పూర్తి చార్జింగ్ ఉన్న బ్యాటరీతో, ఇంకొకరు యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కి ఉంచగా స్టార్టర్ తిప్పి గేజీ చూశాను. థ్రాటిల్ మూసి కొలిస్తే లోపలికి గాలి చాలినంత వెళ్లక అంకెలన్నీ తక్కువ వస్తాయి. మొదటి సిలిండర్ 172 పీఎస్ఐ, రెండోది 168, మూడోది 95 చూపించాయి. మూడో దానిలో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే 105 దగ్గర ఆగింది. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగి ఉంటే ఆయిల్ ఆ సందును కొంతసేపు మూసి అంకె బాగా పెరగాలి. ఇంత తక్కువ పెరగడం వాల్వు కారుతోందనో, రింగు కూర్చునే చోటే దెబ్బతిందనో సూచిస్తుంది.

బెంగళూరులో కంప్రెషన్ కొలిచేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ ఊరు సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడి వాతావరణ పీడనం చెన్నైతో పోలిస్తే దాదాపు పదో వంతు తక్కువ, గేజీ అంకె కూడా ఆ మేరకు తగ్గుతుంది. సర్వీస్ మాన్యువల్‌లోని అంకెతో పోల్చి వాదిస్తే వర్క్‌షాపు వారు ఎత్తు కారణం చెప్పి కొట్టిపారేయవచ్చు. సిలిండర్ల మధ్య తేడాకు ఆ సాకు వర్తించదు, ఎందుకంటే మూడూ ఒకే గాలి పీలుస్తాయి. ఆ తేడా 10, 15 శాతం దాటితేనే అనుమానించాలి, ఇక్కడ 40 శాతం దాటింది. నేనే ప్లగ్గులు తీసి కొలిచానన్న విషయం, తిరిగి టార్క్ రెంచ్‌తో బిగించానన్న విషయం ఫొటోలతో సహా షోరూముకు ముందే ఈమెయిల్‌లో రాశాను. తర్వాత అదే కారణంగా వారంటీ నిరాకరించే అవకాశం మిగలకూడదని నా ఉద్దేశం.

41,640 కి.మీ., వర్క్‌షాపు

సర్వీస్ అడ్వైజర్ ముళబాగిలు వైపు మనిషి, చక్కని తెలుగు మాట్లాడతారు. జాబ్ కార్డులో ఆయన “చెక్ ఇంజన్ లైట్, జనరల్ చెకప్” అని రాశారు. దానిపై సంతకం పెట్టకుండా, “మూడో సిలిండర్ మిస్‌ఫైర్, ఆ సిలిండర్‌లో కంప్రెషన్ తక్కువ, ఆయిల్ వినియోగం పెరిగింది” అని రాయమని కోరాను. వారంటీ క్లెయిమ్ కంపెనీకి వెళ్లేటప్పుడు కస్టమర్ ఫిర్యాదుగా వెళ్లేది ఆ జాబ్ కార్డు వాక్యమే. వారంటీ గడువులోపే ఈ లోపం ఉందని రుజువు చేసే తేదీ కూడా దాని మీదే ఉంటుంది.

“సార్, పెట్రోల్ కల్తీ అయ్యుంటుంది. ముందు ఇంజెక్టర్ క్లీనింగ్ చేయించుకోండి” అన్నారాయన. దానికి డబ్బు మనమే కట్టాలి. కల్తీ అని అనుమానం ఉంటే నా ఎదుటే ట్యాంకులోంచి నమూనా తీసి, సీలు వేసి, ల్యాబుకు పంపి, ఆ మాట జాబ్ కార్డులో కూడా రాయండి అని అడిగాను. ఆ తర్వాత కల్తీ ప్రస్తావన రాలేదు. 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోలు మాట కూడా వచ్చింది. ఆ పెట్రోలును 2023 ఫిబ్రవరిలో ఈ బెంగళూరులోనే ఇండియా ఎనర్జీ వీక్‌లో ప్రధాని ప్రారంభించారు, మా బండి ట్యాంకు మూత మీద ఇ20 స్టిక్కరు కంపెనీయే అంటించింది. ఇథనాల్‌లో శక్తి తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది, కానీ దాని ఆక్టేన్ ఎక్కువ కాబట్టి నాకింగ్‌ను (మిశ్రమం తనంతట తానే అంటుకుని ఇంజన్ కొట్టుకోవడాన్ని) అది తట్టుకుంటుంది. అందుకే ఒక్క సిలిండర్‌లోనే కంప్రెషన్ పోవడానికి దాన్ని కారణంగా చూపడం నాకు సమంజసంగా తోచలేదు.

ఇంజన్ విప్పడానికి ఒప్పుకోలు పత్రం ఇచ్చారు. లోపం వారంటీ కిందికి రాదని తేలితే విప్పిన కూలి కస్టమరే భరించాలని అందులో ఒక షరతు ఉంటుంది. దాన్ని తీసివేయరు. అందుకే సంతకం కింద చేతితో, “విప్పేటప్పుడు యజమాని సమక్షంలో ఫొటోలు తీయాలి, తీసిన భాగాలు నిర్ణయం వచ్చేవరకు భద్రపరచాలి” అని రాసి, ఆ పేజీ ఫొటో తీసుకున్నాను.

విప్పిన రోజు

ఆ పని చేసిన సీనియర్ టెక్నీషియన్ హిందూపురం వారు, వయసులో నాకంటే పెద్దవారు. ఆయనతో నిలబడి గడిపిన సమయం కౌంటర్ దగ్గర గడిపిన సమయం కన్నా ఎన్నో రెట్లు విలువైనది. ముందు లీక్‌డౌన్ టెస్టు చేశారు. పిస్టన్‌ను పైకి తెచ్చి, ప్లగ్గు రంధ్రంలోంచి గాలి ఎక్కించి, ఎంత శాతం కారిపోతోందో చూస్తారు. గాలి ఎటు పోతోందో చెవితో వినాలి. సైలెన్సర్‌లో వినబడితే ఎగ్జాస్ట్ వాల్వు, ఇన్‌టేక్ వైపు వినబడితే ఆ వాల్వు, కూలెంట్‌లో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్. మా బండికి ఆయిల్ పోసే మూత దగ్గర బుస్సుమంటూ వినబడింది, అంటే గాలి పిస్టన్ పక్కనుంచి కిందికి దిగుతోంది. కెమెరా దింపి చూస్తే సిలిండర్ గోడ మీద నిలువు గీతలు కనిపించాయి.

పిస్టన్ బయటికి తీశాక సంగతి తేటతెల్లమైంది. మొదటి రింగుకు, రెండో రింగుకు మధ్య ఉండే సన్నని అంచు, రింగ్ ల్యాండ్ అంటారు, ఒకచోట ఊడిపోయి ఉంది. పిస్టన్ పైభాగం మాత్రం శుభ్రంగా ఉంది. “చూడండి సార్, ఇది కరగలేదు, విరిగింది. రెండూ వేరు” అన్నారాయన.

ఆ మాటలో చాలా విషయం ఉంది. పెట్రోలు తక్కువై మిశ్రమం పలచబడినా, నాకింగ్ ఎక్కువసేపు సాగినా పిస్టన్ పైభాగం వేడికి కరుగుతుంది, గుంటలు పడుతుంది. కరగకుండా అంచు మాత్రమే విరిగిందంటే ఒక్కసారిగా భారీ పీడనం పడిందని అనుమానించాలి. నేరుగా సిలిండర్‌లోకి పెట్రోలు చిమ్మే చిన్న టర్బో ఇంజన్లలో ఇలాంటి దెబ్బకు లో స్పీడ్ ప్రీ ఇగ్నిషన్ ప్రధాన కారణం. ఎక్కువ లోడ్, తక్కువ ఆర్‌పీఎం ఉన్నప్పుడు సిలిండర్ గోడ మీది ఆయిల్, పెట్రోలు కలిసిన చుక్కో, ఊడిన మసి తునకో ప్లగ్గు నిప్పు కన్నా ముందే మిశ్రమాన్ని అంటిస్తుంది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట మొదలవడంతో పీడనం విపరీతంగా పెరుగుతుంది. మామూలు నాకింగ్‌ను కంప్యూటర్ ప్లగ్గు నిప్పును ఆలస్యం చేసి అదుపు చేస్తుంది. ఇక్కడ మంట అంటించింది ప్లగ్గు కాదు కనుక ఆ ఉపాయం పనిచేయదు. నా ఫ్రీజ్ ఫ్రేమ్‌లోని 1,600 ఆర్‌పీఎం, 85 శాతం లోడ్ సరిగ్గా ఈ ప్రాంతంలోనివే. కె.ఆర్. పురం నుంచి సిల్క్ బోర్డు దాకా పాకుతూ వెళ్లి, సందు దొరికినప్పుడు పై గేరులోనే గట్టిగా తొక్కే బెంగళూరు నడకలో ఇంజన్ ఆ ప్రాంతంలోకి పదే పదే వెళ్తుంది.

ఇంజన్ ఆయిల్ పాత్ర కూడా తక్కువ కాదు. ఆయిల్‌లో కాల్షియం డిటర్జెంట్ ఎక్కువగా ఉంటే ఈ ముందస్తు మంట పెరుగుతుందని పరిశోధనల్లో తేలాక, దీన్ని కూడా దృష్టిలో పెట్టుకుని అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారి ఏపీఐ ఎస్ఎన్ ప్లస్ ప్రమాణం 2018లో, ఏపీఐ ఎస్‌పీ ప్రమాణం 2020లో వచ్చాయి. నా పాత సర్వీసు బిల్లుల్లో “ఇంజన్ ఆయిల్” అని, పరిమాణం, పార్ట్ నంబరు మాత్రమే ఉన్నాయి. ఏ ప్రమాణపు ఆయిల్ పోశారో రాతపూర్వకంగా ఇవ్వమని ఆ రోజే ఈమెయిల్ పంపాను. అన్ని సర్వీసులూ వారి దగ్గరే చేయించిన బండికి ఆ ప్రశ్న అడిగే హక్కు పూర్తిగా ఉంది.

కంపెనీ నిర్ణయం

కంపెనీ సాంకేతిక విభాగం ఫొటోలు, సర్వీసు చరిత్ర, ఇంజన్ కంప్యూటర్ డేటా తెప్పించుకుంది. రీమ్యాప్, అంటే ఇంజన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్పు, చేశారా అని వారు ముందుగా చూస్తారు. చాలా కంప్యూటర్లలో సాఫ్ట్‌వేర్ ఎన్నిసార్లు రాశారో లెక్క నిలిచిపోతుంది కాబట్టి, సర్వీసుకు ముందు పాత ఫైలు తిరిగి ఎక్కిస్తే సరిపోతుందని నమ్మే మిత్రులు పునరాలోచించాలి. మా బండిలో ఏ మార్పూ లేదు.

ఆ నిరీక్షణలో వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ఫిర్యాదు ముసాయిదా కూడా సిద్ధం చేసుకున్నాను. చెల్లించిన ధర 50 లక్షల రూపాయల లోపైతే జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు, మనం నివసించే చోటే వేయవచ్చు, రెండేళ్ల గడువు ఉంటుంది. దానికంటే ముందు మెట్టుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అవసరం రాలేదు.

పూర్తి ఇంజన్ బదులు షార్ట్ బ్లాక్ మంజూరైంది, అంటే బ్లాక్, క్రాంక్, పిస్టన్లు కొత్తవి, హెడ్ (వాల్వులుండే పైభాగం), టర్బో పాతవే. నేను గట్టిగా పట్టుబట్టింది ఇక్కడే. విరిగిన అంచు తునకలు, గోడ గీసుకుపోయిన లోహపు పొడి ఆయిల్‌తో పాటు తిరిగి ఉంటాయి, ఆయిల్ కూలర్ సన్నని దారుల్లో చిక్కుకున్నది కడిగితే పోదు. 2024లో అమెరికాలో టయోటా దాదాపు లక్ష టండ్రా, లెక్సస్ వాహనాలను రీకాల్ చేసింది, ఫ్యాక్టరీలో ఇంజన్ లోపల మిగిలిపోయిన లోహపు పొడి మెయిన్ బేరింగులను దెబ్బతీయడమే అందుకు కారణం. ఆ ఉదాహరణ రాసి, ఆయిల్ కూలర్ మార్చాలని, టర్బో షాఫ్ట్ ఆట (వదులు) కొలిచి అంకె ఇవ్వాలని, క్యాటలిటిక్ కన్వర్టర్ లోపల కెమెరాతో చూడాలని కోరాను. కూలర్ మార్చారు. మిగతా రెండూ పరీక్షించి బాగున్నాయని రాసిచ్చారు.

వారంటీ బిల్లు మొత్తం సున్నా అయినా, వాడిన భాగాల జాబితా అందులో ఉంటుంది, దాన్ని తప్పక తీసుకోవాలి. కోణం కొలిచి బిగించే హెడ్ బోల్టులు చాలావరకు ఒక్కసారికే పనికొస్తాయి, కొత్తవి వేశారో లేదో ఆ జాబితాయే చెబుతుంది. మొదటి ప్రతిలో అవి కనిపించలేదు. అడిగాక పార్ట్ నంబరుతో సహా సరిచేసిన ప్రతి ఇచ్చారు, పాత బోల్టులు కూడా చూపించారు.

కాగితాలు

బ్లాక్ మారితే ఇంజన్ నంబరు మారుతుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం ఈ మార్పును 14 రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి. షోరూము నుంచి పాత నంబరు, కొత్త నంబరు రెండూ ఉన్న లేఖ తీసుకుని కె.ఆర్. పురం ఆర్టీఓలో దాఖలు చేశాను, బీమా పాలసీలోనూ మార్పు చేయించాను. ఈ పని ఆలస్యమైతే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ దగ్గర ఇంజన్ నంబరు పొసగక చిక్కు వస్తుంది.

42,700 కి.మీ.

మొదటి వెయ్యి కిలోమీటర్లలో ఎక్కువ భాగం 44వ నంబరు జాతీయ రహదారి మీద, పెనుకొండ దాకా నడిపాను. మరీ మెల్లగా నడపడం కొత్త రింగులకు మేలు చేయదు. మండిన వాయువు పీడనమే రింగును గోడకు అదిమి సర్దుకునేలా చేస్తుంది కాబట్టి, పూర్తిగా తొక్కకుండా, ఒకే వేగంలో ఎక్కువసేపు ఉంచకుండా, మధ్యస్థంగా లోడ్ ఇస్తూ, వదులుతూ నడిపాను. 2,000 ఆర్‌పీఎం కింద గట్టిగా తొక్కడం మానేసి, ముందు గేరు తగ్గిస్తున్నాను.

వెయ్యి దాటగానే షెడ్యూలులో లేకపోయినా నా ఖర్చుతో ఆయిల్, ఫిల్టరు మార్పించాను, ఏపీఐ ఎస్‌పీ అని బిల్లులో రాయించుకున్నాను. పాత ఫిల్టరు కోసి చూస్తే మడతల్లో సన్నటి మెరుపు తప్ప అయస్కాంతానికి అంటే తునకలేవీ లేవు. కంప్రెషన్ 176, 174, 175 వచ్చింది. డిప్‌స్టిక్ మట్టం కదలలేదు.

మార్చిన భాగాలకు వారంటీ పాత గడువు మిగిలినంత వరకే అని బిల్లు వెనుక ఉంది, అందుకని ప్రామాణిక వారంటీ ముగియకముందే పొడిగింపు కొనుగోలు చేశాను. ఏసీ వేసి ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్‌లో చిన్న వణుకు మిగిలింది. ఇంజన్ దించినప్పుడు కుడివైపు మౌంటు (ఇంజన్‌ను పట్టి ఉంచే దిమ్మ) సరిగా కూర్చోలేదని టెక్నీషియన్ అనుమానం, దాన్ని కూడా జాబ్ కార్డులో రాయించి తేదీ తీసుకున్నాను. ఆయిల్ ప్రమాణం గురించి అడిగిన ఈమెయిల్‌కు జవాబు ఇంకా రావలసి ఉంది. మౌంటు పని రోజున బండి ఇచ్చేటప్పుడు ఆ ఈమెయిల్ ముద్రిత ప్రతిని కూడా తీసుకువెళ్తున్నాను.