డ్యూటీ పడిన ఆదివారం

బుధవారం. చెప్పుకోదగ్గ విశేషం లేని రోజు. ఉదయం ప్రార్థన, ఆదివారం యౌవనస్థుల కూడికకు వాక్యం సిద్ధపరచుకోవడం, మధ్యాహ్నం గృహ దర్శనాలు, సాయంత్రం బైబిలు ధ్యానం. అయినా రాసుకోకుండా పడుకోబుద్ధి కావడం లేదు. విశ్వాసం అనే మాటను మన పిల్లలు మందిరం గోడల మధ్యే వెతుక్కుంటున్నారని ఈ రోజు చాలా స్పష్టంగా కనిపించింది. అది నన్ను బాధపెడుతోంది.

మధ్యాహ్నం వెళ్లిన ఇంట్లో అమ్మాయి ఒంగోలులోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. నైట్ డ్యూటీ చేసి వచ్చి, కాసేపు పడుకుని లేచి, పెరుగన్నం ముందు పెట్టుకుని కూర్చుంది. నేను కూర్చోకముందే వాళ్లమ్మ మొదలుపెట్టారు. "చూడండి బ్రదర్, ఆదివారం ఆరాధనకు రావడమే మానేసింది. ఎంత జీతమైతే మాత్రం, దేవుని కంటే ఎక్కువా?" ఆ అమ్మాయి తల ఎత్తలేదు. తల్లి మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లాక, "అన్నా, నేను దేవునికి దూరమైపోతున్నానా?" అని అడిగింది.

నేను జవాబు చెప్పకుండా, రాత్రి ఏం పని చేశావమ్మా అని అడిగాను. మెల్లగా చెప్పింది. పక్షవాతం వచ్చిన ఒక పెద్దావిడ. తోడుగా ఎవరూ లేరు. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకోకుండా మధ్యలో దిండు పెట్టాలి. దుప్పటి తడిసిన ప్రతిసారీ మార్చాలి. ఆవిడ నొప్పితో తిడుతూనే ఉంటుందట. తెల్లవారుజామున మాత్రం ఆ పెద్దావిడ ఈ అమ్మాయి కుడి చెయ్యి గట్టిగా పట్టుకుని నిద్రపోయింది. చెయ్యి లాక్కుంటే మెలకువ వస్తుందని, బీపీ రీడింగు ఎడమచేత్తో వంకరటింకరగా రాసిందట. పొద్దున సిస్టరు కోప్పడిందని చెబుతూ తలవంచుకుంది.

మత్తయి సువార్త 25వ అధ్యాయం తీసి చదివాను. "రోగినై యుంటిని, నన్ను చూడ వచ్చితిరి" అన్న మాట ఆమెకు చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చు. ఆ తర్వాతి వచనాలే నేను ఆగి చదివించాను. నీతిమంతులు, ప్రభువా, నిన్ను ఎప్పుడు చూశాం అని అడుగుతారు. చేసినవాళ్లకు తాము చేసింది ఆయనకేనని తెలియనే తెలియదు! రాత్రంతా ఒక ముసలి శరీరాన్ని ఒత్తిగిలి పడుకోబెట్టిన పిల్లకూ తెలియలేదు. నువ్వు దూరం కాలేదు తల్లీ అన్నాను. వాళ్లమ్మ తలుపు దగ్గర నిలబడి విన్నారు. ఏమీ అనలేదు కానీ, కూతురి కంచంలో ఇంకాస్త పెరుగు వేశారు.

సంఘారాధన అక్కరలేదని నేననడం లేదు. నలుగురితో కలిసి పాడటం, ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం మనిషిని నిలబెడతాయి. ఒంటరి విశ్వాసం తొందరగా అలసిపోతుంది. కానీ రాలేకపోయిన బిడ్డకు అపరాధ భావన అంటగట్టే హక్కు మనకెక్కడిది?

సాయంత్రం బైబిలు ధ్యానంలో అనుకున్న పాఠం పక్కన పెట్టి, పిల్లలకు మన ప్రాంతపు కథే చెప్పాను. 1876-78 నాటి కరువు. ఒంగోలులో మిషనరీగా ఉన్న జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో 3.5 మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. సర్వే పని తెలిసినవాడు కాబట్టి కొలతలు తనే చూసుకోగలిగాడు. ఆకలితో వచ్చినవాళ్లకు పలుగు, పార, గంప ఇచ్చి కూలి ఇచ్చాడు. వాళ్లలో ఎక్కువమంది మాదిగ పేటల నుంచి వచ్చినవాళ్లు. మా ముత్తాతల తరం వాళ్లు. బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. పని మధ్య విరామంలో కూలీలు చతికిలబడితే, "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి" అన్న మాట చెప్పేవారు. తల మీది మట్టిగంప అప్పుడే దించినవాడికి ఆ వాక్యం ఎలా వినిపించి ఉంటుందో ఊహించండి అన్నాను.

కరువు సాయం నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. సభల్లో అందరూ ఆ సంఖ్యే చెబుతారు. నాకు మాత్రం దానికి ముందు నడిచిన కాలువ పనే ఎక్కువ ఇష్టం. వాక్యం, కూలి డబ్బులు, చెమట ఒకే గట్టు మీద ఉన్నాయి అక్కడ.

అందరూ వెళ్లాక ఇంటర్ చదివి ఆపేసిన ఒక తమ్ముడు ఆగాడు. వాళ్ల పెదనాన్న కౌలుకు పొగాకు వేశారు. ఇప్పుడు బ్యారన్, అంటే ఆకు ఆరబెట్టే కొట్టం దగ్గర, ఆకును నాణ్యతను బట్టి వేరుచేసి (గ్రేడింగ్) బేళ్లు కడుతున్నారు. పైనా కిందా మంచి ఆకు వేసి, మధ్యలో నాసి ఆకు సర్దమని వీడికి చెప్పారట. "కాలువ గట్టు మీద బోధకుడు ఉన్నాడన్నా. బ్యారన్ దగ్గర నేనొక్కడినే" అన్నాడు.

ఆ మాటకు వెంటనే జవాబు దొరకలేదు. మోసం చేయొద్దని చెప్పడం నాకు తేలిక. అప్పు నాది కాదు. వేలంలో ఎవరూ పాడక బేళ్లు నోబిడ్ అయి వెనక్కి వస్తే బండి కిరాయి కట్టేది నేను కాదు. పెదనాన్న దుర్మార్గుడు కాదు, కౌలూ కూలీ కలిసి మెడకు చుట్టుకుంటే ఏం చేయాలో తోచని మనిషి. అయినా న్యాయమైన త్రాసు గురించి లేవీయకాండంలో దేవుడు చెప్పింది సంతకూ వేలం కేంద్రానికీ కూడా. దాన్ని మార్చి చెప్పే అధికారం నాకు లేదు. అదే వాడితో అన్నాను. నువ్వు సర్దవద్దు తమ్ముడూ, కానీ పెదనాన్నను నలుగురిలో తప్పుపట్టవద్దు కూడా, శనివారం నేనూ వస్తాను, ఇద్దరం కూర్చుని మాట్లాడదాం అన్నాను. ఆకు వేరు చేయడానికి మనుషులు చాలకే అలా చేస్తున్నారేమో, మన కుర్రాళ్లు కొందరు ఒక పూట వచ్చి గ్రేడింగ్‌కు కూర్చోగలరేమో అడగమన్నాను. వాడి ముఖం కొంచెం తేటపడింది. పెదనాన్న ఒప్పుకుంటారో లేదో చూడాలి.

రేపు పాస్టరు అయ్యగారితో మాట్లాడాలి. ఆదివారం డ్యూటీలు పడే పిల్లలు మా సంఘంలో చాలామందే ఉన్నారు. ఆసుపత్రుల్లో, పెట్రోలు బంకుల్లో, చీమకుర్తి గ్రానైటు ఫ్యాక్టరీల్లో. వాళ్ల కోసం గురువారం రాత్రి చిన్న ఆరాధన పెట్టమని అడుగుతాను. తాళంచెవి నా దగ్గర ఉంచుకుంటానని, లైట్లు ఆపి తలుపులు వేసే బాధ్యత నాదేనని చెబుతాను. కరెంటు బిల్లు గురించి పెద్దలు తప్పకుండా అడుగుతారు. దానికి కూడా జవాబు సిద్ధం చేసుకుని వెళ్లాలి.