ఆరో తీగ దారికి రావట్లేదు: లెడ్ జెప్పెలిన్ పాటల సాధన

బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెప్పెలిన్ పాటలు గిటార్ మీద సాధన చేస్తున్నాను. వాటిలో 'ది రెయిన్ సాంగ్' నిన్న రాత్రి కూడా మొండికేసింది. ఓపెన్ తీగలు (ఎక్కడా నొక్కకుండా మీటేవి) ఆరూ శ్రుతి చూపే ట్యూనర్ మీద నిలకడగా పచ్చ లైటు చూపిస్తున్నాయి. మొదటి కార్డు పట్టి మీటితే మాత్రం అడుగున ఎక్కడో స్వరం ఊగుతోంది. వేగంగా సాగే పాటైతే ఆ ఊపు వినపడకుండా పోయేది. ఇది ఏడున్నర నిమిషాలకు పైగా సాగే పాట, ప్రతి కార్డూ పూర్తిగా మోగి ఆగేదాకా వదిలేయాలి. అందుకే అపశ్రుతి దాక్కోవడానికి చోటే లేదు.

మిగతావన్నీ బాగానే నడుస్తున్నాయి. 'కశ్మీర్' డ్యాడ్‌గ్యాడ్ (డి-ఎ-డి-జి-ఎ-డి) శ్రుతిలో, తాళం కొట్టే మెట్రోనోమ్ లేకుండానే వస్తోంది, డ్రమ్మర్ బోనమ్ నాలుగు దెబ్బల లెక్క మీద కొడుతుంటే గిటార్ మూడు మీద తిరగడం ఒంటికి పట్టింది. 'గోయింగ్ టు కాలిఫోర్నియా' అయిపోయింది. 'బ్లాక్ మౌంటెన్ సైడ్' వేగం తప్ప అంతా సిద్ధం. ఆ ట్రాక్‌లో విరామ్ జసానీ వాయించిన తబలా నాకెంతో ఇష్టం, దాని కోసమే ముందు నేర్చుకున్నాను.

ఇక అసలు సంగతికి వస్తాను. 1973 నాటి 'హౌసెస్ ఆఫ్ ది హోలీ' ఆల్బమ్‌లో ఈ పాట శ్రుతి డి-జి-సి-జి-సి-డి. అంటే మామూలు శ్రుతి నుంచి ఆరు, ఐదు, నాలుగు, ఒకటో తీగల్ని (ఆరోది అన్నిటికంటే లావుది) రెండేసి సెమీటోన్లు, అంటే రెండేసి స్వరస్థానాలు, దించాలి. మూడోది అలాగే ఉంటుంది. రెండోదాన్ని ఒక సెమీటోన్ ఎక్కించాలి. తీగ బిగువు ఫ్రీక్వెన్సీ వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, రెండు సెమీటోన్లు దించిన తీగ తన బిగువులో ఐదో వంతు కోల్పోతుంది. ఒక సెమీటోన్ ఎక్కిన రెండో తీగకు బిగువు 12 శాతం పెరుగుతుంది. ఒకే మెడ మీద కొన్ని వదులు, ఒకటి బిగువు. గొడవంతా ఇక్కడే మొదలైంది.

ముందు అనుమానం మెడ మీద. సందులు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి చూస్తే మామూలు శ్రుతిలో 0.22 మి.మీ. ఉన్న రిలీఫ్ (మెడకుండే కొద్దిపాటి వంపు), దించాక 0.08కి పడిపోయింది. తీగల లాగుడు తగ్గితే మెడ నిటారుగా అవుతుంది, ఆరో తీగ మొదటి మూడు ఫ్రెట్ల (మెడ మీది మెట్ల) దగ్గర గరగరలాడుతుంది. మెడ లోపల ఉండే సర్దుబాటు కడ్డీ, ట్రస్ రాడ్‌ను పావు చుట్టు వదులు చేస్తే రిలీఫ్ 0.20కి వచ్చింది. గరగర పోయింది, ఊపు పోలేదు. ఇంకో మాట, ట్రస్ రాడ్ తిప్పిన రోజే ఏదీ తేల్చకండి. మా విశాఖ గాలిలో తేమకు చెక్క మర్నాటి దాకా కదులుతూనే ఉంటుంది. తుఫాను పట్టిందంటే చెప్పక్కర్లేదు, పై పలక ఉబ్బి యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగ ఎత్తు) దానంతట అదే పెరుగుతుంది.

రెండో అనుమానం నట్ (మెడ పై చివర తీగలు ఆనే పట్టీ) మీద. మూడో ఫ్రెట్ దగ్గర తీగను నొక్కిపెట్టి, మొదటి ఫ్రెట్ మీద ఎంత సందు ఉందో చూశాను. ఆరో తీగ కింద 0.30, ఐదో దాని కింద 0.25. చాలా ఎక్కువ. మొదటి ఫ్రెట్‌లో ఆరో తీగ 14 సెంట్లు (సెమీటోన్‌లో నూరో వంతు ఒక సెంటు) షార్ప్, అంటే ఎక్కువ శ్రుతిలో, వస్తోందంటే ఆశ్చర్యమేముంది! నట్ ఫైళ్ల సెట్ ధర చూసి వెనక్కి తగ్గి, పాత తీగకు 600 నంబరు ఎమరీ పేపర్ చుట్టి గాడిని రుద్దాను. రెండు రుద్దులు, ఒక కొలత, మళ్లీ రెండు రుద్దులు. గాడి అడుగు హెడ్‌స్టాక్ (తీగలు చుట్టే తల) వైపు కాస్త వాలి ఉండాలి, తీగ ఫ్రెట్ల వైపు అంచు మీదే ఆనాలి. 0.10 దగ్గర ఆపాను. మొదటి ఫ్రెట్ 14 నుంచి 5 సెంట్లకు దిగింది. కింది ఫ్రెట్ల కార్డులు అప్పుడే తేలికపడ్డాయి.

మెడ మధ్యకు వెళ్లగానే మళ్లీ అదే కథ. నట్ సంగతి పూర్తిగా తేల్చుకోవడానికి రెండో ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి చూశాను. కేపో పెడితే నట్ లెక్కలోంచి తప్పుకుంటుంది కదా, అప్పుడూ పైన షార్ప్ వస్తే తప్పు నట్‌ది కాదు. వచ్చింది. (కేపో రెండులో పెడితే గిటారిస్టు జిమ్మీ పేజ్ కచేరీల్లో జంట మెడల గిబ్సన్ మీద వాయించిన ఇ-ఎ-డి-ఎ-డి-ఇ శ్రుతి వస్తుంది. ఆ ఎత్తులో పాట ఇంకా మెరుస్తుంది. కానీ నాకు ఆల్బమ్‌లో ఉన్న ఆ బరువే కావాలి.)

12వ ఫ్రెట్ దగ్గర, ఓపెన్ తీగతో పోల్చి చిన్న తేడాలు కూడా చూపే స్ట్రోబ్ ట్యూనర్ యాప్‌లో తీసిన లెక్కలివి: ఆరో తీగ 9 సెంట్లు షార్ప్, ఐదోది 6, నాలుగోది 5, మూడోది దాదాపు సరి, ఒకటోది 4 షార్ప్. రెండోది మాత్రం 3 సెంట్లు ఫ్లాట్ (తక్కువ)! ఈ ఒక్క అంకె చూశాక నాకు చిక్కుముడి విడింది. తీగను ఫ్రెట్ దాకా నొక్కితే అది కాస్త సాగుతుంది. ఆ సాగుడు ఎంతో కొంత బిగువును కలుపుతుంది. వదులు తీగకు ఆ అదనం పెద్ద వాటా, బిగువు తీగకు చిన్న వాటా. శాడిల్ (కింది చివర తీగలు ఆనే పట్టీ) మీద తయారీలోనే దిద్దిన కొలతలు మామూలు శ్రుతి కోసం. ఈ శ్రుతిలో వదులైన తీగలకు ఆ దిద్దుబాటు చాలదు, బిగిసిన రెండో తీగకు ఎక్కువైపోతుంది. ఆరుకీ రెండుకీ మధ్య 12 సెంట్ల ఎడం. ఓపెన్ తీగలు మోగుతుండగా పైన నొక్కిన స్వరాలు వాటితో కలవాల్సిన పాట ఇది, ఇంత ఎడంతో ఎలా కలుస్తుంది?

తీగలు మార్చి చూశాను. 12-53 సెట్ (అంకెలు అన్నిటికంటే సన్న, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) తీసేసి, సన్న తీగలు లైట్, లావు తీగలు మీడియం ఉండే 12-56 వేశాను. రెండో తీగ 16 గానే ఉంటుంది, మీడియం సెట్ మొత్తం వేస్తే 17 వచ్చి, సి దాకా ఎక్కించేసరికి మరీ బిగుసుకుపోతుంది. ఈ సెట్ ఈ పాట కోసమే చేశారా అనిపించింది. గట్టిగా మీటినప్పుడు ఆరో తీగ మొదట 15 సెంట్లు పైకి లేచి తర్వాత దిగేది, ఇప్పుడు ఆ లేవడం 8కి తగ్గింది. 12వ ఫ్రెట్‌లో మాత్రం 9 కాస్తా 7 అయింది, అంతే. లావు తీగ వేస్తే సగం తగ్గుతుందనుకున్నాను. నా ఊహ ఏమిటంటే, పైన చుట్టిన తీగతో పాటు లోపలి ఉక్కు కోర్ కూడా లావెక్కింది. బిగువు ఎంత పెరిగిందో సాగడానికి మొరాయింపు కూడా దాదాపు అంతే పెరిగింది, నిష్పత్తి అక్కడే ఉండిపోయింది. కోర్ సన్నగా ఉండి పై చుట్టు లావుగా ఉండే 56 దొరికితే ఈ ఊహ తేలిపోతుంది.

లావు తీగ గరగరలాడదు కాబట్టి ఆరో తీగ యాక్షన్ 2.4 నుంచి 2.1 మి.మీ.కి దించగలిగాను. దాంతో 7 సెంట్లు 6 అయ్యాయి. ఇక మిగిలింది శాడిల్. 650 మి.మీ. స్కేల్ (నట్ నుంచి శాడిల్ దాకా తీగ పొడవు) మీద ఒక్క సెంటు దిద్దాలంటే తీగ ఆనే చోటు సుమారు 0.375 మి.మీ. వెనక్కి జరగాలి. ఆరు సెంట్లకు 2.25 మి.మీ. నా శాడిల్ మందం మొత్తం 3 మి.మీ., తీగ ఇప్పుడు ఆనుతున్నది నడుమన. వెనక అంచు దాకా గీకినా 1.2కి మించి జరగదు. అంటే సగం జబ్బు ఉండిపోతుంది. గిటార్ రిపేరు చేసే ఆయన్ని అడిగితే, "శాడిల్ కూర్చునే గాడి ఆరు మిల్లీమీటర్లు చేసిస్తానండి, కానీ ఒకసారి కోశాక మళ్లీ పాతది రాదు, ఆలోచించుకోండి" అన్నాడు. ఆలోచించాను, కోయించను. మన బొబ్బిలి వీణ మెట్లు మైనంలో కూర్చుని ఉంటాయి కాబట్టి తేడా వస్తే మేళం (మెట్ల అమరిక) మళ్లీ వేయించుకోవచ్చు. గిటార్‌కు ఆ వెసులుబాటు లేదు.

ప్రస్తుతానికి తీగలకు ట్యూనర్ చెప్పినట్టు కాకుండా శ్రుతి పెడుతున్నాను: ఆరోది 3 సెంట్లు తక్కువ, ఐదోది 2 తక్కువ, రెండోది 2 ఎక్కువ. పాట మొదటి సగం ఇలా చక్కగా కలుస్తోంది. బృందంలోని జాన్ పాల్ జోన్స్ మెలోట్రాన్ (టేపు ధ్వనుల కీబోర్డు) వచ్చే చోట రికార్డుతో పాటు వాయిస్తే ఒళ్లు జలదరించింది. పాట చివరికొచ్చేసరికి డ్రమ్స్ విరుచుకుపడే భాగంలో గట్టిగా స్ట్రమ్ చేయాలి, అప్పుడు ఆరో తీగ మళ్లీ పైకి లేస్తోంది. మెల్లగా మీటే చోట తీగ స్థిరపడ్డాక వచ్చే స్వరం ముఖ్యం, గట్టిగా కొట్టే చోట మీటిన క్షణంలో వచ్చేది. ఒకే పాటలో రెండు రకాల చేయి. 1.5 మి.మీ. పిక్ (మీటే రేకు) పక్కన పెట్టి 0.73 వాడితే కొంత నయం, కానీ మెల్లటి భాగంలో ఆ పల్చటి పిక్ చప్పుడు నాకు నచ్చలేదు. ఈ భాగమే నిన్న రాత్రి నన్ను ఓడించింది.

తీగల గురించి నా అభిప్రాయం: సముద్రపు గాలిలో కోటింగ్ ఉన్న ఎలిక్సిర్ తీగ ఎక్కువ కాలం మన్నుతుంది, నిజమే. అయినా ఈ పాటకు డాడారియో కంపెనీ ఫాస్ఫర్ బ్రాంజే వేస్తాను. కోటింగ్ లేని తీగ మొదటి వారంలో ఇచ్చే మోగుడు దీనికి కావాలి. ట్యూనర్‌లో స్ట్రోబ్ తప్ప వేరేది దండగ. మామూలు క్లిప్ ట్యూనర్ పచ్చ లైటు వెలిగించే వెడల్పులోనే నా 3 సెంట్లు మునిగిపోతాయి.

గాడి కోయకుండా ఈ శ్రుతికే వేరే శాడిల్ చేయబోతున్నాను. ఎముక దిమ్మ తెప్పించాను. ఆరు, ఐదు, నాలుగు, ఒకటి వెనక అంచుకు, మూడు నడుమ, రెండోది 1.1 మి.మీ. ముందుకు. మామూలు శ్రుతికి వెళ్లాలంటే తీగలు వదులు చేసి పాత శాడిల్ పెట్టుకుంటే సరి. వెనక అంచుకు జరిపాక ఆరో తీగకు మిగిలే 3 సెంట్లను ఓపెన్ శ్రుతిలోనే పంచేయవచ్చు, గట్టిగా కొట్టే భాగానికి కూడా అదే దగ్గరి దారి.

దీని తర్వాత 'బ్రాన్-ఇర్-ఆర్'. వేల్స్‌లో అప్పట్లో కరెంటు లేని ఓ ఇంటి పేరు అది. రెండు నిమిషాల ముక్క, వాళ్ల స్టూడియో పాటల్లో అన్నిటికంటే చిన్నది. శ్రుతి సి-ఎ-సి-జి-సి-ఇ. అదే శ్రుతిలో 'ఫ్రెండ్స్' కూడా ఉంది, పేజ్, గాయకుడు ప్లాంట్ 1972లో బొంబాయి వచ్చి మన వాద్యకారులతో మళ్లీ రికార్డు చేసిన పాట. అది నేర్చుకోవాలని ఎప్పటినుంచో ఉంది. కానీ ఆరో తీగ ఇ నుంచి సి దాకా దిగాలి, బిగువులో 37 శాతం పోతుంది, 56 కూడా వేలాడిపోతుంది. లెక్క ప్రకారం 60 తీగ సి దగ్గర ఇచ్చే బిగువు, 53 తీగ డి దగ్గర ఇచ్చేదానికి దాదాపు సమానం. విడిగా 60 తీగ ఇక్కడి షాపుల్లో దొరకలేదు, తెప్పిస్తున్నాను. దాని కోసం నట్ గాడి వెడల్పు చేయాలా, లేక రెండో గిటార్ ఒకటి పూర్తిగా ఈ శ్రుతికే కేటాయించాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ఎవరైనా 60 వేసి వాయించి ఉంటే 12వ ఫ్రెట్‌లో ఎన్ని సెంట్లు వచ్చాయో చెప్పండి, దాన్ని బట్టి ఎముక దిమ్మ ఇంకొకటి కొంటాను.