తెల్ల కాగితం మీద వేసిన ఓటు

2024 మే 12 రాత్రి ఎల్బీనగర్‌లో బస్సు దొరికేసరికి పదకొండు దాటింది. సీటు లేదు. డ్రైవర్ పక్కన ఇంజిన్ మీద కూర్చుని వచ్చాను. తెల్లారి తుళ్లూరులో బూత్ ముందు గంటన్నర నిలబడ్డాను. క్యూలో అందరిదీ ఒకటే మాట: రాజధాని ఏమవుతుంది? లోపల గులాబీ కాగితం ఉన్న ఈవీఎం అసెంబ్లీకి, తెల్లది పార్లమెంటుకి. గులాబీ మీద ఉన్న ధ్యాసలో తెల్లదాని మీట ఆలోచించకుండానే నొక్కేశాను.

జూన్ 4న నాన్న గోడ క్యాలెండర్‌లోంచి మే నెల కాగితం చింపి, టీవీ చూస్తూ వెనకవైపు పెన్సిల్‌తో లెక్క వేశారు. పైన లోక్‌సభలో మెజారిటీకి కావాల్సిన 272 రాసి చుట్టూ సున్నా చుట్టారు. దాని కింద బీజేపీ 240. ఆ కింద వరసగా 16, 12, 7, 5: టీడీపీ, జేడీయూ, షిండే శివసేన, చిరాగ్ పాశ్వాన్ పార్టీ. చిన్నవి కూడా కలిపితే ఎన్డీయేకి 293.

"మన 16 మందీ లేచొచ్చేసినా 277 ఉంటాయమ్మా, ప్రభుత్వం పడదు. జేడీయూ నితీశ్ కూడా లేస్తే 265. అప్పుడు పడుద్ది" అన్నారు.

టీవీలో ఢిల్లీ తాళం చెవి మన చేతిలోనే ఉందని హోరెత్తిస్తున్నారు. నాన్న లెక్క ప్రకారం ఆ తాళానికి రెండు చెవులు, ఒకటే మన దగ్గరుంది. ఆయనకి 1999 ఏప్రిల్ 17 బాగా గుర్తు. జయలలిత మద్దతు తీసేశాక వాజపేయి ప్రభుత్వం 269–270తో, ఒక్క ఓటుతో పోయింది. స్పీకర్ కుర్చీలో మన కోనసీమ బాలయోగి. టీడీపీ ఆ రోజు వాజపేయి వైపే నిలబడింది.

జూన్ 9న మా గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్ కేంద్ర సహాయ మంత్రిగా ప్రమాణం చేస్తుంటే మా వీధిలో టపాకాయలు కాల్చారు. 36 ఏళ్ల రామ్మోహన్ నాయుడికి విమానయానం ఇచ్చారు. సంతోషమే. నాకు మాత్రం జూలై 23 మీదే ధ్యాస. బడ్జెట్‌లో అమరావతికి 15,000 కోట్లు అనగానే ఆఫీసులోంచి నాన్నకి ఫోన్ చేశాను.

"గ్రాంటా, అప్పా?"

అంతర్జాతీయ ఆర్థిక సంస్థల ద్వారా ఇప్పిస్తామన్నారని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. 2015లో రాజధాని కోసం ఎకరంన్నర భూమి పూలింగ్‌కి ఇచ్చిన మనిషి ఆయన. 2014లో రాజ్యసభలో ప్రత్యేక హోదా మాట విన్న మనిషి కూడా.

పొత్తులో ఉన్నామని మన ఎంపీలు మెత్తగా మాట్లాడకూడదు. ఆ డబ్బు ఎవరు తీర్చాలో, ఎప్పటికి ఎంత వస్తుందో సభలోనే నిలబడి అడగాలి. బయట ప్రెస్‌మీట్‌లో చెప్పిన మాటకి నాన్న కాగితంలో చోటు లేదు.

దసరాకి ఇంటికెళ్తే ఆ కాగితం బీరువా తలుపుకి లోపలివైపు అంటించి ఉంది. 265 కింద 15,000 చేర్చారు. పక్కన ప్రశ్నార్థకం, పెన్నుతో.