బ్రేకు తొక్కితే మీటర్ లైటు వెలుగుతోంది!

మొదటి ఆదివారం

బాపు బండి 1993 మోడల్, వంద సీసీ టూ స్ట్రోక్. ఎండాకాలమంతా ఛాసిస్ విప్పి, గీకి, నల్ల రంగు రెండు కోట్లు నేనే వేశాను. ఇవాళ బిగించడం అయిపోయిందని హన్మకొండ చౌరస్తా దాకా ఒక రౌండ్ కొట్టి వచ్చాను. ఇంజన్‌కు వంక పెట్టేదేం లేదు, కిరికిరంతా కరెంటు దగ్గరే. ఇండికేటర్ వేస్తే టెయిల్ లైటు కూడా దాంతోపాటు కన్ను కొడుతోంది. లైట్ స్విచ్ ఆపేసి ఉన్నా సరే, బ్రేకు తొక్కితే స్పీడోమీటర్ బల్బు మినుకుమంటోంది. హారన్ జలుబు చేసినట్టు మూలుగుతోంది.

మా గల్లీ మెకానిక్ అన్న బ్యాటరీ, ఫ్లాషర్ (ఇండికేటర్‌ను కన్ను కొట్టించే చిన్న డబ్బా) రెండూ మార్చమన్నాడు. మార్చాను. డబ్బులు పోయాయి, మినుకు పోలేదు.

బుధవారం రాత్రి

మల్టీమీటర్ బీప్‌లో పెట్టి వెనక లైటు హోల్డర్‌కీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య చూస్తే కుయ్యిమంది. ఎర్త్ (కరెంటు ఛాసిస్ మీదుగా బ్యాటరీ మైనస్‌కు తిరిగొచ్చే దారి) బాగానే ఉందని లోపలికెళ్లి పడుకున్నా. అక్కడే మోసపోయాను. పదో ఇరవయ్యో ఓమ్‌ల అడ్డం (నిరోధం) ఉన్నా చాలా మీటర్లు కూస్తాయి. 21 వాట్ల బ్రేకు బల్బుకు 12 వోల్టుల దగ్గర 1.75 ఆంపియర్లు కావాలి. దారిలో ఒక్క ఓమ్ అడ్డమున్నా బల్బుకు దక్కేది పదిన్నర వోల్టులే.

రెండో ఆదివారం

ఈసారి మీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టాను. నల్ల మొన బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర మొన హోల్డర్ రేకు మీద. ఇగ్నిషన్ ఆన్ చేసి బాపును బ్రేకు తొక్కమన్నాను. 6.4! సున్నాకు దగ్గరగా రావాల్సిన చోట సగం వోల్టేజీ కూర్చుంది. వెనక ఎర్త్ సరిగా లేక బ్రేకు ఫిలమెంట్ దాటిన కరెంటు టెయిల్ ఫిలమెంట్‌లోకి ఎదురెక్కి, ఆ వైరు పట్టుకుని స్పీడోమీటర్ బల్బు మీదుగా ముందు వైపు ఎర్త్‌కు చేరుతోంది. మినుకు రహస్యం ఇదే.

సీటు తీశాను. మా బండిలో ఎర్త్ వైరు నలుపు (కొన్ని బళ్లలో ఆకుపచ్చ ఉంటుంది). దాని లగ్గు (వైరు చివరి రింగు) ఛాసిస్‌కు 10 నంబర్ బోల్టుతో బిగించి ఉంది, కింద నిగనిగలాడే నా రెండు కోట్ల రంగు! ఎవరిని తిట్టాలి? బోల్టు మరల ద్వారా దొరికిన కాస్త ఇనుముతోనే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది. లగ్గు దగ్గర వైరు తొడుగు ఒక అంగుళం కోసి చూస్తే రాగి పోగులు చిలుము పట్టి, వేలితో నలిపితే పొడిపొడిగా రాలాయి.

ముందు బ్యాటరీ మైనస్ తీసేశాను. ప్లస్ ముందు విప్పితే పానా ఛాసిస్‌కు తగిలిందంటే నిప్పులే. చిలుము పట్టిన ముక్క కోసేసి, మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి వెళ్లి కొత్త లగ్గు నొక్కాను, పైన టంకం. బోల్టు చుట్టూ రూపాయి బిళ్లంత మేర ఎమరీతో రంగు గీకి, పళ్ల వాషర్ వేసి బిగించాను. ఆ తర్వాతే పైన వాజలిన్ పూశాను, వానకు మళ్లీ తుప్పు పట్టకుండా. మైనస్ చివరగా తగిలించాను.

రీడింగ్ 0.07.

"బండి కంటే నీ మీటరే ఎక్కువ అరుస్తుంది గదరా" అన్నాడు బాపు, ఇంకా బ్రేకు మీదే కాలుంచి.

హారన్‌దీ అదే కథ. ప్లస్ నేరుగా దానికి అందుతుంది, బటన్ నొక్కితే హ్యాండిల్ ద్వారా ఎర్త్ కలుస్తుంది. హ్యాండిల్ క్లాంపుల లోపల కూడా రంగు పోశాను కదా! గీకాను. అక్కడితో ఆగక హ్యాండిల్ నుంచి ఛాసిస్‌కు ఒక మెత్తటి వైరు కూడా వేశాను, తిప్పినప్పుడు లాగకుండా కాస్త వదులుగా.

మిగిలింది హెడ్‌లైటు. స్లోలో మసకబారుతోంది. అది మా బండిలో బ్యాటరీ మీద కాదు, మాగ్నెట్ కాయిల్ నుంచి నేరుగా వచ్చే ఏసీ (అటూ ఇటూ దిశ మారే కరెంటు) మీద నడుస్తుంది. డీసీలో పెడితే మీటర్ ఏమీ చెప్పదు. వచ్చే ఆదివారం ఏసీలో పెట్టి చూడాలి.