సఖినేటిపల్లి రేవు దాటాక హాఫ్ క్లచ్

మన బడి పూర్వ విద్యార్థుల ఈ సంచికలో మన మాస్టార్ల గురించి రాసేవాళ్ళు చాలామందే ఉంటారు. నేను మాత్రం మన బడి గ్రౌండులో నాకు కారు నేర్పిన బాబాయి గురించి రాస్తాను. ఆయన మా ఇంట్లో డ్రైవరు. మన బడిలోనే ఏడో తరగతి దాకా చదివి మానేశారు. అందుకే ఏ బ్యాచ్ ఫొటోలోనూ కనిపించరు.

1994 వేసవి. డిగ్రీ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి ఇంటికొచ్చాను. నాన్నగారికి చూపు తగ్గుతోంది, ఇంట్లో ఇంకొకరికి డ్రైవింగ్ వచ్చి తీరాలి. ఎల్‌ఎల్‌ఆర్ తెచ్చుకున్నాను. మాది డీజిల్ అంబాసిడర్, గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉండే పాత రకం. సెలవులు కాబట్టి గ్రౌండు ఖాళీ. నిద్రగన్నేరు చెట్టు కింద బండి పెట్టి బాబాయి మొదటి పాఠం మొదలెట్టారు.

"యాక్సిలేటర్ జోలికెళ్ళకండి అమ్మాయిగారూ. క్లచ్ ఒక్కటే, మెల్లగా వదలండి. ఇంజిన్ గొంతు మారుద్ది. అక్కడ కాలు ఆపండి."

వదిలాను. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేశాను, మళ్ళీ అంతే. చెమటలు పట్టేశాయి. ఆయన విసుక్కోలేదు. దిగి నా వైపు కిటికీ దగ్గరకొచ్చి రెండు అరచేతులూ చాపారు. గీతల్లోకి నల్లగా గ్రీజు ఇంకిపోయిన చేతులవి. ఒక చెయ్యి గుండ్రంగా తిప్పుతూ రెండోదాన్ని దానికి ఆనించారు.

"ఇది ఇంజిన్ వైపుదండి, తిరుగుతానే ఉంటది. ఇది చక్రాల వైపుది. క్లచ్ తొక్కితే రెండూ విడిపోతాయి. వదులుతుంటే స్ప్రింగులు అదుముతాయి. ముందు జారతాయి, తర్వాత పట్టేసి కలిసి తిరుగుతాయి. ఆ జారే చోటే హాఫ్ క్లచ్."

తొమ్మిదో తరగతిలో ఘర్షణ నిర్వచనం కంఠతా పట్టి మార్కులు తెచ్చుకున్నాను. ఘర్షణ అంటే ఏమిటో మాత్రం ఆ చేతుల్లోనే చూశాను. ఆ సాయంత్రం యాక్సిలేటర్ ముట్టుకోకుండానే అంబాసిడర్ నెమ్మదిగా గోల్‌పోస్టు దాకా నడిచింది.

తర్వాత కాలవగట్టు. ధవళేశ్వరం దగ్గర నీళ్ళు ఆపి కాలవలు కట్టేసే రోజులు కాబట్టి, అడుగున బురద, గుర్రపుడెక్క తప్ప ఏమీ లేదని అమ్మ ఒప్పుకుంది. ఎదురుగా కొబ్బరికాయల లోడు వస్తే రివర్స్‌లో వెనక్కి పోయి దారివ్వడం అక్కడే వచ్చింది.

నెలాఖరుకి నాన్నగారిని నర్సాపురంలో కంటి డాక్టరుకి చూపించాలి. చించినాడ వంతెన ఇంకా రాలేదు, సఖినేటిపల్లి రేవులో బళ్ళని గోదావరి దాటించే పంటు ఎక్కాల్సిందే. ఎక్కించడం బాగానే ఎక్కించాను. అవతల దిగేసరికి పాటు మీద ఉంది గోదావరి. నీరు దిగిపోయి రేవు నిటారుగా కనిపించింది. వెనక వశిష్ఠ గోదావరి, పక్క సీట్లో కళ్ళు సరిగా కనిపించని నాన్నగారు. చక్రాలు చెక్కలు దాటి నేల మీదికి రాగానే ముందున్న వ్యాను ఆగిపోయింది. బ్రేకు తొక్కి, హ్యాండ్ బ్రేక్ లాగాను. బాబాయి మాట్లాడకుండా దిగి వెనక్కి వెళ్ళారు.

వ్యాను కదిలింది. ఫస్ట్ గేరు వేశాను. క్లచ్ వదులుతూ విన్నాను. ఇంజిన్ గొంతు బరువెక్కింది, బానెట్ రవ్వంత పైకి లేచింది. కాలు అక్కడే ఆపి, కొంచెం యాక్సిలేటర్ ఇచ్చి, హ్యాండ్ బ్రేక్ వదిలాను. బండి అంగుళం కూడా వెనక్కి జారలేదు.

పైకెక్కి ఆపి అద్దంలో చూశాను. బాబాయి రేవు ఎక్కి వస్తున్నారు. వెనక చక్రం కింద పెడదామని పట్టుకున్న చెక్కముక్క ఇంకా చేతిలోనే ఉంది. తలుపు తీసి దాన్ని కాళ్ళ దగ్గర పెట్టుకుని, నాన్నగారితో అన్నారు:

"ఆయ్, అమ్మాయిగారికి వచ్చేసిందండి."